గోధుమ ఉప్మా ముందు ప్రార్థన

నన్ను వెనకాల ‘భూతద్దం’ అంటారని ఉద్యోగంలో చేరిన మూడో ఏడే నాకు తెలిసిపోయింది. ఆ పేరు పెట్టింది మా ఆఫీసు సీనియర్ గుమాస్తా అని కూడా తెలుసు. ఎదురుగా ఎన్నడూ అనలేదు. నేను గదిలోకి వస్తే చాలు, గోడ మీది క్యాలెండరు కేసి కళ్ళు చికిలించి చూసేవాడు. నాకు కోపం రాలేదు సరికదా, లోలోపల గర్వంగానే ఉండేది. ధర్మవరంలో మా నాయన నేతగాడు. మగ్గం మీంచి దిగిన చీరను మడత పెట్టేముందు అంచు నుంచి అంచుకు వేలితో తడిమేవాడు. ఎక్కడో ఒక ముడి తగిలేదాకా ఆయనకు మనసు కుదిరేది కాదు. తగలకపోతే మరీ అనుమానం. ఆ తండ్రి కొడుకును నేను. బడులు తనిఖీ చేసే ఉద్యోగం వచ్చాక చీరల బదులు మనుషుల్ని తడమడం మొదలుపెట్టాను.

ఇప్పుడు శాఖలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. విచారణ ఎలా చేయాలి, రిపోర్టు ఎలా రాయాలి అని అడుగుతారు. నేను పట్టుకున్న దొంగ హాజరుల కథలు, బడికే రాని అయ్యవార్ల కథలు చెప్పి నవ్విస్తాను. ఈ కథ మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇందులో నేను ఏమీ పట్టుకోలేకపోయానని కాదు. పట్టుకున్నాను. చిక్కంతా అక్కడే వచ్చింది.

డెబ్బైల చివరి సంగతి ఇది. మండలాలు ఇంకా రాలేదు, సమితులే ఉండేవి. నేను డిప్యూటీ ఇన్‌స్పెక్టర్‌ని. జీపు లేదు. బస్సు ఉన్నంత దూరం బస్సు, తర్వాత కాళ్ళు. వరుసగా రెండేళ్ళు వానల్లేక వేరుశనగ ఎండిపోయింది. చాలా పల్లెల్లో పిల్లలు బడికి వచ్చేది మధ్యాహ్నం పెట్టే గోధుమ రవ్వ ఉప్మా కోసమే. ఆ రవ్వా, దాంతోపాటు డబ్బాల్లో వచ్చే నూనే ఏదో పైదేశం నుంచి దానంగా వచ్చేవి. ఆ నూనెకు ఒక వాసన ఉండేది. ఆకలి మీదున్న పిల్లలకు ఆ వాసన పట్టేది కాదు.

ఒకరోజు ఒక అర్జీ వచ్చింది. కంబదూరు దారిలో లోపలికి ఉన్న ఒక పల్లె నుంచి. కింద ‘గ్రామస్థులు’ అని రాసి పన్నెండు సంతకాలు, నాలుగు వేలిముద్రలు. సారాంశం ఏమిటంటే, ఆ ఊరి ఏకోపాధ్యాయ పాఠశాలలో అయ్యవారు సర్కారు జీతం తింటూ మన పిల్లలకు పరమత ప్రార్థనలు నేర్పుతున్నాడు. ఉప్మా పెట్టేముందు అందరి చేతా కళ్ళు మూయించి, పెదవులు కదిలించేలా ఏదో చెప్పిస్తున్నాడు. వంటమనిషి ఆ ప్రార్థనల గుంపులోదే. చివరికి నూనె డబ్బా మీద కూడా చేతులు జోడించిన బొమ్మ ఉంది. ఇలాగే సాగితే మా పిల్లలు మాకు కాకుండా పోతారు. తగు చర్య తీసుకోవలెను.

గుమాస్తా ఆ అర్జీని నా బల్ల మీద పెట్టి కదలకుండా నిలబడ్డాడు.

“ఏంటప్పా?” అన్నాను.

“ఏం లేదు సార్. పన్నెండు మందీ ఒకే చేత్తో సంతకం పెట్టినట్టుండారు.”

నాకు అది కనబడకపోలేదు. కానీ ఇతను ఎందుకు చెబుతున్నాడు? ఆ అయ్యవారు ఇతనికి చుట్టమా? ఇద్దరి మధ్యా ఏమన్నా ఉందా? నా బుర్ర అప్పటికప్పుడే అటు పోయింది. అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

మీకు అప్పటి తనిఖీల సంగతి తెలియదు. ఇన్‌స్పెక్టరు బస్సు ఎక్కాడంటే కండక్టరు ద్వారానే పక్క పల్లెకు కబురు వెళ్ళిపోయేది. అందుకని ముందు స్టాపులోనే దిగి, మూడు మైళ్ళు చేలకు అడ్డంగా నడిచాను. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. మధ్యలో ఒక గొర్రెల కాపరి ఆపాడు.

“ఏం సామీ, దావ తప్పినావా?”

“లేదప్పా. ఊరికే గాలికి తిరుగుతాండా.”

“ఈ ఎండలోనా?” అని నన్ను కిందనుంచి పైదాకా చూసి, “పంచాంగం చెప్పేటోనివా?” అన్నాడు.

అవునన్నాను. చేయి చాపాడు. వాన ఎప్పుడొస్తుందో చెప్పమన్నాడు. వచ్చే పున్నమికి అని చెప్పి తప్పించుకున్నాను. నిజం నిగ్గుతేల్చడానికి బయల్దేరిన మనిషిని దారిలో ఇన్ని అబద్ధాలు ఆడానన్న ధ్యాస కూడా నాకు అప్పుడు లేదు.

బడి వెనక గోడకు ఒక కిటికీ ఉంది, తలుపులు లేవు. అక్కడ నిలబడి చూశాను. వరండాలో పిల్లలు రెండు వరుసల్లో ఎదురెదురుగా కూర్చున్నారు. ముందు సత్తు పళ్ళాలు. అయ్యవారు బక్కపలచటి మనిషి, రాయదుర్గం వైపువాడు. చేతిలో బెత్తం కూడా లేదు.

“కళ్ళు!” అన్నాడు.

ముప్పై మందీ టక్కున కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదులుతున్నాయి. అప్పుడు లోపలనుంచి ఒక ముసలామె బకెట్టు పట్టుకుని వచ్చింది. వంగి, ఒక్కో పళ్ళెంలో గరిటెడు ఉప్మా వేసుకుంటూ, చెప్పుల్లేని కాళ్ళతో చప్పుడు లేకుండా వరుస పొడుగునా వెళ్ళింది. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఆమె కొంగు తలుపు దాటిన తర్వాతే అయ్యవారు “ఊఁ, తినండప్పా” అన్నాడు. అందరూ కళ్ళు తెరిచి పళ్ళేల మీద పడ్డారు.

అర్జీలో ఉన్నది ఉన్నట్టు నా కళ్ళెదుట జరిగింది. నేను చుట్టూ తిరిగి ముందునుంచి వచ్చాను. అయ్యవారు ఉలిక్కిపడ్డాడు.

“సార్! రండి సార్, కూర్చోండి. కబురన్నా చేసింటే...”

“ఏందిది?”

“ఉప్మా సార్.”

“ఉప్మా కనపడుతాంది. కళ్ళు మూయించినావే, అదేంది?”

అతను ఒక్క క్షణం తటపటాయించాడు. లోపలికి, ముసలామె ఉన్న వైపుకి చూశాడు. “అల్లరి చేయకుండా ఉంటారని సార్” అన్నాడు. ఆ తటపటాయింపు నా వేలికి తగిలింది. ముడి ఇక్కడుందిరా అనుకున్నాను.

ముందు నూనె డబ్బా తెప్పించి చూశాను. ఒక చెయ్యి ఇంకో చేతిని పట్టుకున్న బొమ్మ. ఇద్దరు దొరలు కలుసుకున్నప్పుడు చేతులు ఊపుకుంటారే, ఆ మాదిరి. ప్రార్థనకూ దానికీ ఏ సంబంధమూ లేదు. అయినా నోటు పుస్తకంలో ‘డబ్బాపై చేతులు ఉన్నమాట వాస్తవం’ అని రాసుకున్నాను. తర్వాత తరగతి గదిలోకి వెళ్ళాను. గోడకు సరస్వతీదేవి పటం, బొట్లు పెట్టి ఉంది, దండ ఎండిపోయి ఉంది. “ఆ దండ మార్పించు, బాగలేదు” అని అయ్యవారికి చెప్పి కుర్చీలో కూర్చున్నాను. బడిలో మతం ఉందా లేదా అని వెతకడానికి వెళ్ళినవాణ్ణి నేను.

పిల్లల్ని ఒక్కొక్కరిని లోపలికి పిలిచాను. అయ్యవారిని బయట వేపచెట్టు దగ్గర నిలబడమన్నాను.

“కళ్ళు మూసుకొని ఏం చెప్పుకుంటివిరా?”

“పదమూడో ఎక్కం సార్.”

“నువ్వు?”

“మా ఎనుము ఈపొద్దన్నా ఈనల్లని సార్.”

“నువ్వు?”

“నేనేం చెప్పుకోలేదు సార్. ఎప్పుడు తెరవమంటాడా అని కాచుకోనుంటి.”

ఇంకొకడు, నేను అడక్కముందే, “నేను ఒక కన్ను తెరిచే ఉంటి సార్” అని ఏడుపు మొహం పెట్టాడు. వాడికి ధైర్యం చెప్పి పంపించాను. అప్పటికి పదిమంది అయ్యారు. ఎక్కాలూ ఎనుములూ తప్ప ఏమీ దొరకలేదు. నాకు విసుగొచ్చింది. అప్పుడు ఐదో తరగతి పిల్ల ఒకతి వచ్చింది. బిగించి వేసిన రెండు జడలు, మోకాళ్ళ దాకా పాత పరికిణీ. చేతులు కట్టుకుని నిలబడింది.

“నువ్వేం చెప్పుకుంటివి పాపా?”

“నిజం చెప్పల్లా సార్?”

ఆ ప్రశ్నకు నా ఒళ్ళంతా చెవులైంది. “నిజమే చెప్పల్ల. నిజం చెప్పేటోళ్ళంటే నాకిష్టం” అన్నాను. దేవుడు మెచ్చుతాడని కూడా అన్నట్టు గుర్తు.

ఆ పిల్ల కళ్ళు మూసుకుని గడగడా అప్పజెప్పింది. “ప్రభువా, ఉప్మా అందరికీ చాలేటట్టు చూడు. అడుగున మా అవ్వకు గరిటెడు మిగిలేటట్టు చూడు. ఆమెన్.”

“ఎవరు నేర్పినారు?”

“మా అవ్వ సార్.”

“మీ అవ్వ ఎవరు?”

“అదో, వడ్డిస్తాంది కదా సార్. ఆమే.”

ఆదివారం సాయంత్రాలు తమ వీధిలోకి ఒక పాస్టరయ్య సైకిల్ మీద వస్తాడని, అందరూ కూర్చుని పాటలు పాడతారని చెప్పింది. దాచాలన్న ఆలోచనే లేదు. నేను కాగితమూ పెన్నూ ఇచ్చి, ఇప్పుడు చెప్పిందంతా రాయమన్నాను. నేల మీద బోర్లా పడుకుని రాసింది. గుండ్రటి అక్షరాలు, ఒక్క తప్పు లేదు. కింద సంతకం పెట్టమంటే కాసేపు ఆలోచించి, పేరును చాలా జాగ్రత్తగా దించింది.

“సంతకం పెట్టడం నాకు ఇదే మొదలు సార్” అని నవ్వింది.

బస్సు రోడ్డు దాకా అయ్యవారు నాతో నడిచాడు. ఊరు దాటాక చెప్పాడు.

ఆ ముసలామెది హరిజనవాడ. అప్పట్లో మేము కాగితాల్లో అలాగే రాసేవాళ్ళం. ఇచ్చే కూలికి వంట చేయడానికి ఊళ్ళో ఇంకెవ్వరూ రాకపోతే ఆమె వచ్చింది. మొదటివారం సగంమంది పిల్లలు పళ్ళేలు తిరగేసి ఇళ్ళకు పోయారు. ఆమె చేత్తో వడ్డిస్తే తినొద్దని ఇళ్ళలో చెప్పారట. అప్పుడు ఇతనికి ఈ ఉపాయం తట్టింది.

“వడ్డించేటప్పుడు కళ్ళు మూసుకోమన్నాను సార్. ఎవరు వడ్డించినారని ఇంట్లో అడిగితే చూళ్ళేదు అంటారు. అది నిజమే కదా. పిల్లోళ్ళ చేత అబద్ధం చెప్పించకూడదు కదా సార్. ఊరికే కూర్చుంటే తొంగి చూస్తారని, ఏదో ఒకటి మనసులో చెప్పుకోండి అన్నాను. అంతే.”

“మరి ఇళ్ళలో తెలీదా?”

“అందరికీ తెలుసు సార్. తెలీనట్టుండారు. కరువు కదా.”

“సరే. ఇదంతా రాసియ్యి.”

అతను ఆగిపోయాడు. “రాస్తే తెలిసినట్టయితాది సార్. తెలిస్తే తిననీరు. ఆమెను తీసేయమంటారు. రాయలేను.”

నేనేమనుకున్నానో దాచకుండా చెబుతాను. కథ బాగా అల్లాడే అనుకున్నాను. రాసివ్వలేని నిజం ఏం నిజం? రాసిచ్చిన కాగితం నా జేబులో ఉండనే ఉంది. బస్సు వచ్చేముందు అతను ఇంకొక మాట అన్నాడు. “సార్, మీరు రాయించుకున్న ఆ పాప ఉండాది చూడండి, జూన్‌లో హాస్టల్‌కు పోవల్ల. ఈ ఊరినుంచి ఆరో తరగతికి పోయే ఆడపిల్ల ఆమొక్కతే. అమ్మా నాయనా బళ్ళారి పక్క పనికి పోయినారు. సీటు రాకపోతే ఆ పాప గూడా ఆడికే.” నేను తల ఊపి బస్సెక్కాను.

రిపోర్టు రెండు పేజీలు రాశాను. పిల్ల కాగితంలో ‘ప్రభువా’ అన్న మాట కిందా, ‘ఆమెన్’ కిందా ఎర్ర పెన్సిలుతో గీత గీశాను. మధ్యలో ఉప్మా గురించీ అవ్వ గురించీ ఉన్నదాన్ని వదిలేశాను. అది విచారణకు సంబంధించినది కాదు కదా! అర్జీలోని ఆరోపణలలో కొంత వాస్తవం ఉన్నట్లు తోచుచున్నది అని ముగించాను.

“కాపీలు ఎవరెవరికి సార్?” అన్నాడు గుమాస్తా.

“సంబంధిత శాఖలన్నిటికీ.”

“ఈ పాప రాసిన పేపరు గూడా జత చేయల్లా? చిన్నపిల్ల సార్.”

“చిన్నపిల్లలే నిజం చెప్తారప్పా. చెయ్యి.”

అతను క్యాలెండరు కేసి చూడలేదు. కాపీలు తీయించి పంపించాడు. నెలలోపల అయ్యవారిని గుమ్మఘట్ట పక్క సరిహద్దు పల్లెకు బదిలీ చేశారు. పరిపాలనా కారణాల వల్ల అని రాశారు. ముసలామెను వంటనుంచి తీసేశారు. నేను ఇంకో అర్జీ పనిలో పడి ఆ ఊరిని మర్చిపోయాను.

జూన్ మొదటివారంలో గుమాస్తా ఒక జాబితా తెచ్చి నా బల్ల మీద పరిచాడు. తాలూకా కేంద్రంలోని హరిజన బాలికల హాస్టల్‌కు ఎంపికైన పిల్లలది. అందులో ఒక పేరు అడ్డంగా కొట్టేసి ఉంది. పక్కన చిన్న అక్షరాలతో ‘స్వీయ వాంగ్మూలము ప్రకారము క్రైస్తవురాలు, కుల ధ్రువపత్రము ఇవ్వబడలేదు’ అని.

“మీ రిపోర్టు బాగా పనిచేసింది సార్” అన్నాడు.

నిబంధన నాకు కొత్తదేమీ కాదు. షెడ్యూల్డు కులాలవాళ్ళు క్రైస్తవంలోకి మారితే ఆ జాబితాలో లెక్కకు రారు. వెనకబడిన తరగతుల జాబితాలోకి పోతారు. ఆ తాలూకాలో ఆడపిల్లలకు ఉన్న హాస్టల్ మాత్రం అదొక్కటే. నేను అయ్యవారి కోసం వేసిన వల అది. పోయి ఆ పిల్ల కాలికి చుట్టుకుంది.

గుమాస్తా ఇంకో కాగితం దాని పక్కన పెట్టాడు. ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన, బడి వంటకు ‘తగిన’ మనిషిని పెట్టాలని సమితికి రాసుకున్న ఉత్తరం. వంకర టింకర లేకుండా, పొల్లులన్నీ పొడుగ్గా లాగి రాసిన దస్తూరీ. నా దగ్గరున్న అర్జీలోదీ అదే దస్తూరీ. ఆమె కులం గురించి ఫిర్యాదు చేస్తే ఆయన మీదే కేసవుతుంది. ప్రార్థన గురించి చేస్తే ఇన్‌స్పెక్టరు పరిగెత్తుకొస్తాడు. అంత అనుమానపు మనిషిని నేను, లోకంలో అందరినీ అనుమానించాను గానీ అర్జీ రాసినవాణ్ణి ఒక్కసారైనా అనుమానించలేదు. గుమాస్తా మొదటిరోజే చెప్పాడు. అతణ్ణి అనుమానించాను!

“ఇప్పుడేం చేద్దామప్పా?”

“రెండు దారులుండాయి సార్. నా విచారణ తప్పు, ఆ పేపరు లెక్కలోకి తీసుకోవద్దు అని మీరు రాసియ్యొచ్చు. లేదా ఆ పాప ఇంకో వాంగ్మూలం ఇయ్యొచ్చు. రెండు దినాలు టైముంది.”

మొదటి దారి దగ్గరిది. పది వాక్యాలు, ఒక సంతకం. నాకు పదోన్నతి జాబితా కదులుతున్న సమయం అది. విచారణ తప్పని నా చేత్తో నేను రాసుకోవాలా? నేను రెండో దారి పట్టాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ మాట రాస్తుంటే సిగ్గుతో తల ఎత్తుకోలేకపోతున్నాను.

ఈసారి పొలాలకు అడ్డంపడి దొంగలా పోలేదు. ముసలామె ఇంటి దగ్గర లేదు. ఊరి బయట కరువు పనికింద రోడ్డు వేస్తున్నారు. అక్కడ కూర్చుని సుత్తితో కంకర కొడుతోంది. పిల్ల ఆ కంకరను గంపలోకి ఎత్తుతోంది. నన్ను చూసి ముసలామె సుత్తి కింద పెట్టింది.

“ఏం సామీ, ఈసారి ఏం మూసుకొంటిమని వచ్చినావు?”

నిలబడే విషయం చెప్పాను. ఇంకో కాగితం రాసిస్తే సీటు వస్తుందన్నాను. ప్రార్థన లేదు, హిందువులం అని రాస్తే చాలు అన్నాను.

“సీటు కావల్లంటే మా దేవున్ని ఇడిసిపెట్టల్లా?”

“ఇడిసిపెట్టేదేం లేదవ్వా. కాగితం మీద మాత్రమే.”

“కాగితం మీదనే కదా సామీ సీటు పోయిండేది.”

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. కోపం కంటే అలసటే ఎక్కువ ఉంది గొంతులో.

“ఊళ్ళో గుడి గడప మమ్మల్ని తొక్కనీరు. ఆ పాస్టరయ్య వచ్చి మా చాప మీద కూర్చుని, మా కుండలో నీళ్ళు తాగినాడు. మనసుకు బాగనిపిచ్చింది, పోతాండాము. అట్లని మారెమ్మకు కోడిని కోసేది మానినామా? ఆయమ్మకూ మొక్కుతాము, ఈయప్పకూ మొక్కుతాము. మీ కాగితంలో రెండు రాసేదానికి జాగా లేదా సామీ?”

లేదు. గడి ఒకటే ఉంటుంది.

అప్పటిదాకా గంప పట్టుకుని నిలబడిన పిల్ల దగ్గరికి వచ్చింది. చేతులకు కంకర దుమ్ము. నన్ను పరీక్షగా చూసింది.

“ఆపొద్దు నిజం చెప్పమంటిరి సార్. చెప్పినాను. ఈపొద్దు అది కాదని రాయమంటాండారు. పరీక్షలో ఏది రాయల్ల సార్?”

వెటకారం కాదు. ఆ పిల్ల నిజంగానే అడిగింది. బడిలో ఇన్‌స్పెక్టరు ఏది అడిగితే అది పరీక్ష. దానికి సరైన జవాబు ఒకటి ఉంటుందని, నేను చెబుతానని నిలబడింది. నేను ముప్పై ఊళ్ళ అయ్యవార్లకు చెమటలు పట్టించినవాణ్ణి, ఆ పిల్లకు ఒక్క వాక్యం చెప్పి రాయించలేకపోయాను. తెల్లకాగితమూ పెన్నూ నా చేతిలోనే ఉన్నాయి.

ఆ పిల్లే కాగితం తీసుకుంది. చేతులు పరికిణీకి తుడుచుకుని, కంకర గుట్ట పక్కన చదునైన రాయి మీద పరిచింది. పైనంతా ఖాళీగా వదిలేసి, అడుగున సంతకం పెట్టింది. మొదటిసారంత సేపు పట్టలేదు.

“పైన మీకేం కావల్లో రాసుకోండి సార్” అని ఇచ్చేసి గంప ఎత్తుకుంది.

ముసలామె సుత్తి అందుకుంటూ, “పాప చదువుకోవల్ల సామీ. ఏమన్నా రాసుకో పో” అంది.

బస్సు కోసం కాచుకుంటూ మైలురాయి మీద కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని రాశాను. నా చేతిరాత అయితే అనుమానం వస్తుంది. అందుకని ఆ పిల్ల రాసినట్టే గుండ్రంగా, విడివిడిగా, పిల్లల అక్షరాలు దించాను. ఏళ్ళ తరబడి పిల్లల దస్తూరీలు చూసిన అనుభవం ఆ రోజు బాగా పనికొచ్చింది. ‘నేను హిందువును. మా ఇంటిలో ఎవ్వరును ప్రార్థనకు పోరు. ఉప్మా ముందు నేను పదమూడవ ఎక్కము చెప్పుకొంటిని. ఇంతకుముందు ఇన్‌స్పెక్టరు గారికి నేను చెప్పినది అబద్ధము.’ ఆ చివరి వాక్యం లేకపోతే మొదటి కాగితం చెల్లకుండా పోదు. అందుకని రాయక తప్పలేదు. ఆ ఫైలు మొత్తం మీద ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి ఆ పిల్ల ఒక్కతే. అబద్ధాలకోరు అని నమోదైంది కూడా ఆ పిల్ల ఒక్కతే.

గుమాస్తా ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. అతని కళ్ళు నాకంటే చురుకైనవని అప్పటికి నేను ఒప్పుకున్నాను.

“పాప బాగా రాసింది సార్” అన్నాడు. ఫైల్లో పెట్టుకున్నాడు. అతను రిటైరయ్యేదాకా ఆ ఊసు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మర్నాడు సీటు వచ్చింది.

మీకు నీతి చెప్పే అర్హత నాకు లేదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఆ పిల్ల ప్రతి ఉదయమూ సరస్వతి పటం ముందు చేతులు జోడించి శ్లోకం పాడేది. బడిలో అందరికంటే మంచి గొంతు ఆమెదేనని అయ్యవారు దారిలో చెప్పాడు. నేను ఎన్నో బడుల తనిఖీ పుస్తకాల్లో ‘ప్రార్థన బాగున్నది’ అని నా చేత్తో రాశాను. ఆ శ్లోకం గురించి ఒక్క పిల్ల దగ్గరైనా వాంగ్మూలం తీసుకోవాలని నాకు ఎన్నడూ ఎందుకు తోచలేదు? దండ మార్చమని మాత్రం ఎందుకు తోచింది? జవాబు నాకు తెలుసు. మీరు కూడా ఒకసారి వెతుక్కోండి.

దసరా సెలవులు అయ్యాక తాలూకా కేంద్రంలో హైస్కూలు పని మీద వెళ్ళాను. హాస్టల్ మేట్రన్ నన్ను చూసి, పిల్లల భోజనం ఒకసారి చూసి పుస్తకంలో నాలుగు మాటలు రాసి పొమ్మంది. వెళ్ళాలా వద్దా అని చాలాసేపు వెనకాముందూ ఆడాను. చూడాలన్న ఆశే గెలిచింది.

పొడుగాటి హాలు. రెండు వరుసల్లో ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. ముందు సంగటి ముద్దలు, పప్పు. నా కళ్ళు ఆ పిల్లను వెంటనే పట్టుకున్నాయి. కొంచెం పొడుగైంది. మొహం తేటగా ఉంది. చదువులో ముందుందని మేట్రన్ చెవిలో చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది. చేసింది తప్పే అయినా ఫలితం మంచిదే కదా అని నాకు నేను చెప్పుకోబోయాను.

మేట్రన్ చప్పట్లు కొట్టింది. పిల్లలందరూ కళ్ళు మూసుకుని, చేతులు జోడించి భోజన శ్లోకం అందుకున్నారు. ఆ పిల్ల మాత్రం మూసుకోలేదు. చేతులు పక్కన వేలాడుతున్నాయి, పెదవులు బిగించి ఉన్నాయి. శ్లోకం జరిగినంతసేపూ రెప్ప వేయకుండా నన్నే చూస్తూ నిలబడింది.

శ్లోకం అయ్యాక మేట్రన్ ఆ పిల్ల దగ్గరికి వెళ్ళింది. “ఏమ్మా, రోజూ బాగానే చెప్తావు కదా. ఈపొద్దేమైంది? కళ్ళు మూసుకోలేదేం?”

“ఇన్‌స్పెట్రు సార్ ఉండారు మేడం” అంది ఆ పిల్ల. భయం లేదు, కోపం లేదు, అడిగినదానికి జవాబు చెప్పింది. “కళ్ళు మూసుకుంటే రాసుకుంటారు.”

పక్క పిల్లలు కిసుక్కుమన్నారు. మేట్రన్ కూడా నవ్వి నా వైపు తిరిగింది. నా చేతిలో హాస్టల్ తనిఖీ పుస్తకం తెరిచి ఉంది. పెన్ను మూత అప్పటికే తీసి ఉంది.